సగం ధరకు వచ్చిన కారు, పూర్తి ధర రిపేరు

2024 దసరాకు సింగరేణి లాభాల్లో కార్మికులకు 33 శాతం వాటా ఇచ్చారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. ఆ వారం గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కాలు పెట్టే చోటు లేదు. అందరూ బంగారం కొంటుంటే మా మరిది మాత్రం ఆ డబ్బుకు లోను కలిపి హైదరాబాద్ నుంచి జర్మన్ కారు తెచ్చాడు. తొమ్మిదేళ్ల పాతది. కొత్తప్పుడు 50 లక్షల కారు 14 లక్షలకే వచ్చిందని, జ్యోతినగర్‌లో మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు.

"ఎక్కు వదినా, ఒక్కసారి కూసోని చూడు!"

ఎక్కాను. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. తలుపు వేయగానే రోడ్డు మీది లారీల మోత బయటే ఆగిపోయింది. ఆ రాత్రి మావారు "రిటైర్మెంట్ డబ్బులు వస్తే మనమూ అలాంటిదొకటి చూద్దామా?" అన్నారు. నాకూ ఆశ పుట్టింది.

మే నెలలో పెద్దపల్లి దగ్గర రాజీవ్ రహదారి మీద ఆ కారు ముందు భాగం కిందికి కూర్చుండిపోయింది. స్ప్రింగుల బదులు గాలి తిత్తులు ఉంటాయట, అవి పోయాయి. ఇక్కడి మెకానిక్ చూసి "నాతోని కాదన్నా" అన్నాడు. లారీ మీద ఎక్కించి హైదరాబాద్ పంపారు. బిల్లు, లారీ కిరాయి కలిపి రెండు లక్షల 40 వేలు. ప్రమాదం జరిగితే తప్ప, అరిగి పాడైన వాటికి ఇన్సూరెన్సు ఇవ్వదు. మా తోటికోడలు కూతురి బీటెక్ ఫీజు కోసం ఎత్తిన చిట్టీ డబ్బంతా అందులోకే పోయింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మనం పొరపాటు పడేది ఇక్కడే. పట్టుచీర సగం ధరకు దొరికినా డ్రైవాష్ వాడు సగమే తీసుకోడు కదా! కారూ అంతే. పాతబడితే దాని ధర తగ్గుతుంది, దాని సామాన్ల ధర తగ్గదు. 14 లక్షలు పెట్టి కొన్నా, మెయింటెనెన్సు మాత్రం 50 లక్షల కారుకే చేయాలి. పైగా సామాన్లు అరిగిపోయే వయసులోనే అది మన చేతికి వస్తుంది.

మన వాడకం కూడా చూసుకోవాలి. ఇప్పటి డీజిల్ కార్లలో పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే కారు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. మనమేమో కూరగాయలకు, గుడికి, బడికి రెండు మూడు కిలోమీటర్లు తిప్పుతాం. ఫిల్టర్ మూసుకుపోతే మళ్లీ ఖర్చే. ఇక ఇక్కడి బొగ్గు దుమ్ము, ఎండలు మీకు చెప్పనక్కర్లేదు.

పెద్ద కారు వద్దని నేను అనను. దూర ప్రయాణాల్లో ఆ సుఖం, ఆ భద్రత నిజమే. కానీ కొనే ధర మగవాళ్లు మాట్లాడుకుంటారు, ఉంచుకునే ఖర్చు మన పోపుల డబ్బా దాకా వస్తుంది. అందుకే ఆ లెక్క ముందే మనం అడగాలి.

మా ఇంట్లో పోట్లాట లేకుండా ఒక పని చేశాం. కారు కొనకముందే, కొన్నట్టే అనుకుని, దాని రిపేర్లకని నెలకు 15 వేలు ఆర్‌డీలో వేయడం మొదలుపెట్టాం. ఏడాది ఇబ్బంది లేకుండా కట్టగలిగితే కొందాం అనుకున్నాం. ఐదు నెలలు కట్టాం. ఆరో నెల మా అత్తయ్యకు కంటి ఆపరేషన్ వచ్చింది. ఆర్‌డీ మూసి ఆ డబ్బే వాడాం.

ఆస్పత్రి నుంచి మా పాత చిన్న కారులోనే ఇంటికి వస్తుంటే మావారు స్టీరింగు మీద తట్టి, "దీనికి ఆయిల్ మార్పించాలి, గుర్తుచెయ్యి" అన్నారు.

మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే వెంటనే వద్దనకండి. ముందు ఒక ఏడాది ఆర్‌డీ కట్టి చూద్దాం అనండి.