విజ్ఞాన వీక్షణం: ఎరుపును దాచే అద్దం

గత శీతకాలంలో మా సహోద్యోగి కుమారుడొకడు తాను తీసిన ఛాయాచిత్రాన్ని తెచ్చి చూపినాడు. పల్లెలలో పెద్దలు గొల్లకావడి అని పిలిచే మూడు చుక్కలు, వాటి దిగువన ఓరియన్ నీహారిక చక్కగానే వచ్చినవి. అయితే పుస్తకాలలో ఎర్రగా వెలిగే ఆ వాయుమేఘం ఇందులో వెలవెలబోయి ఉన్నది. "కెమెరాలోని పరారుణ ఫిల్టరు తీసివేస్తే ఎరుపు వస్తుందట బాబాయిగారూ, విప్పమంటారా?" అని అడిగినాడు. ఆ కెమెరా తండ్రి బోనసు సొమ్ముతో కొన్నది. వెంటనే ఔననలేకపోయాము.

ముందుగా కారణం చూద్దాము. కెమెరాలోని సిలికాన్ సెన్సారు సుమారు 1100 నానోమీటర్ల వరకు, అనగా మన కన్ను చూడలేని పరారుణ కాంతిని సైతం గ్రహిస్తుంది. దానిని అట్లే వదిలితే రంగులు చెడిపోతాయి. అందుచేత సెన్సారు ముందు ఒక అద్దపు పలకను అమర్చుతారు. ఈ పలక 700 వద్ద ఒక్కసారిగా తలుపు మూయదు. అంతకు చాలా ముందు నుండే క్రమంగా మూస్తూ పోతుంది. నీహారికలలోని హైడ్రోజన్ వెలువరించే ఎరుపు 656.3 నానోమీటర్ల వద్ద ఉన్నది. అనేక కెమెరాలలో ఆ వెలుగులో ఇంచుమించు నాలుగోవంతు మాత్రమే సెన్సారుకు చేరుతుంది.

కర్మాగారంలో పనిచేసినవారికి ఈ సంఖ్య కొత్తది కాదు. కాగిన ఉక్కు వెలుగును ఫిలమెంటు వెలుగుతో పోల్చి ఉష్ణోగ్రత చెప్పే పాత ఆప్టికల్ పైరోమీటరులోని ఎర్ర అద్దం 0.65 మైక్రాన్ల కాంతినే ఎంచుకొనేది. దాదాపు అదే ఎరుపు! అనగా మనం పోగొట్టుకొంటున్నది పరారుణం కాదు, కంటికి కనిపించే ఎరుపే. కనుక పాత పలకను తీయుట సగం పని. 656ను రానిచ్చి, 700 పైని కాంతిని ఆపే మరొక పలకను అమర్చుట మిగిలిన సగం. 2005లో కెనాన్ 20డీఏ, 2015లో నికాన్ డీ810ఏ కెమెరాలు ఖగోళ ఛాయాగ్రహణం కొరకు ఆ ఎరుపును ఎక్కువగా రానిచ్చే ఫిల్టరుతోనే వెలువడినవి.

ఆ రెండవ సగాన్ని మరచిన ఫలితం మేము స్వయంగా అనుభవించినాము. బాలుని కెమెరా జోలికి పోక మా పాత కెమెరాను విప్పి, పలక తీసి, అట్లే మూసినాము. లెన్సును చివరి వరకు త్రిప్పినా ఒక్క నక్షత్రమూ బిందువుగా నిలువలేదు. కాగితం మీద లెక్క వేసిన పిదప తెలిసినది: 1.5 వక్రీభవన గుణకం గల అద్దం తన మందంలో మూడోవంతు మేర నాభిని వెనుకకు నెట్టుతుంది. ఒక మిల్లీమీటరు అద్దం తీసివేస్తే నాభి 0.33 మిల్లీమీటరు ముందుకు జరుగుతుంది. షాపులో మిల్లీమీటరులో వందోవంతుకు తగవులాడే మేము ఇంట్లో ఆ మాటే మరచినాము!

తగిన మందం గల పలకను తెప్పించి అమర్చిన తరువాత, పట్టణపు వెలుగుకు దూరంగా వెళ్ళి మళ్ళీ ప్రయత్నించినాము. గొల్లకావడి అంచున గుర్రపుతల నీహారిక, దాని వెనుక ఎర్రని తెర కనిపించినవి. ఇప్పుడా కెమెరా బాలుని వద్దనే ఉన్నది. తండ్రి కెమెరా మాత్రం చెక్కుచెదరక ఇంటి వేడుకలకు మిగిలినది.

ఉత్సాహవంతులకు ఒక మనవి. ఇంట ఉన్న ఒకే ఒక్క కెమెరాను విప్పకండి. విప్పితే గ్యారంటీ పోతుంది, పగటి చిత్రాలు ఎర్రబారుతాయి. బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలిచి ఉండగలవు. షాపులో పాటించే భద్రతా నియమం ఇంటి బల్ల వద్ద కూడా నియమమే.