ఇనుము ఒక్కటియే చాలునా?

బళ్లారి మండలమున, సండూరు కొండలలో, దోణిమలై యను గనిప్రదేశము కలదు. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థవారు 1977లో అచ్చట ఇనుపగనిని ప్రారంభించిరి. సండూరు సంస్థానము 1949లో మద్రాసు రాష్ట్రమున విలీనమై, 1953లో బళ్లారితోపాటు మైసూరునకు చేరినది. ఎల్లలు మారినను ఆ సీమలో తెలుగుమాట మాయలేదు. కావున అచ్చటి శ్రామికుల క్షేమము పరుల గొడవ యని మనము ఊరకుండుట న్యాయము కాదు.

ఇన్ని ఇనుపకొండలుగల దేశమున స్త్రీల నెత్తుటిలో ఇనుము చాలకున్నది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనతగలవారు దేశమున నూటికి 57గురు, ఆంధ్రప్రదేశమున 58.8, కర్ణాటకమున 47.8. ఇందులకు ప్రభుత్వములు ఇనుపమాత్రలు పంచినవి. ఇనుము చేర్చిన బియ్యమును ఇచ్చినవి. ఆ ప్రయత్నమును మేము ఆక్షేపింపము. అయితే దీపమునకు చమురున్నంత మాత్రమున చాలదు, వత్తియు ఉండవలయును. ఆ వత్తివంటి పదార్థము రైబోఫ్లేవిన్. దీనినే బి-2 విటమిను అందురు.

1879లో బ్లైత్ అను ఆంగ్ల రసాయనవేత్త పాలలో పసుపువన్నె పదార్థ మొకటి కలదని కనుగొనెను. 1933లో కూన్ పండితుడును ఆయన సహచరులును దానిని శుద్ధరూపమున వేరుచేసిరి. 1935లో కూన్, కారర్ పండితులు దానిని ప్రయోగశాలలో నిర్మించిరి. మన శరీరము ఈ రైబోఫ్లేవిన్ నుండి రెండు సహాయద్రవ్యములను తయారుచేసికొనును. అవి లేనియెడల తిన్న అన్నమునుండి శక్తి సరిగా వెలువడదు. అంతియే కాదు; ఇనుము ప్రేగులనుండి గ్రహింపబడుటకును, శరీరమున నిలువయున్న ఇనుము రక్తనిర్మాణమునకు విడుదలయగుటకును ఇది తోడ్పడును. ఇనుముతోపాటు దీనిని ఇచ్చినప్పుడు, ఇనుమునొక్కదానినే ఇచ్చినప్పటికంటె రక్తము మెరుగుపడినట్లు కొన్ని పరిశోధనలలో తేలినది.

దీని కొరత ప్రాణాపాయముగా పైకి కానరాదు. పెదవుల మూలలు చీలును. నాలుక ఎఱ్ఱబారి మండును. కన్నులు వెలుతురు నోర్వవు. మనవారు దీనిని 'వేడి చేసినది' అని తీర్మానించి మజ్జిగ త్రాగి ఊరకుందురు. మజ్జిగలోను రైబోఫ్లేవిన్ కొంత కలదు గనుక పెద్దల వైద్యము వ్యర్థమని మేము చెప్పము. అయితే ఒకదినపు మజ్జిగ చాలదు. ఈ విటమిను శరీరమున ఎక్కువగా నిలువయుండదు. మిగిలినది మూత్రమున పోవును. ఏదినమునకు కావలసినది ఆదినము రావలసినదే.

ఈ విషయము తెలియుటకు మనము విదేశముల కేగనక్కరలేదు. 1918లో కూనూరున చిన్న విచారణకేంద్రముగా పుట్టిన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా విఖ్యాతి నొందినది. రక్తకణములలోని యొక ఎన్‌జైము చురుకుదనమును కొలిచి రైబోఫ్లేవిన్ కొరతను కనిపెట్టవచ్చునని డాక్టర్ మెహతాబ్ బాంజీ 1969లో ప్రకటించిన పరిశోధన ఈ సంస్థలోనిదే. వ్యాధి తెలిసినది, పరీక్ష తెలిసినది, మందు వంటయింటనే యున్నది. లేనిది పట్టుదల యొక్కటియే.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన పట్టికను చూడుడు. కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు సుమారు 2 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ కావలయును. కాయకష్టము చేయువానికి 3 మిల్లీగ్రాములకు పైగా కావలయును. రాజధానిలో బల్లయెదుట పనిచేయు మనకు తక్కువ చాలును. మనకు పాలు, పెరుగు, గ్రుడ్లు, కాఫీలోని పాలు సమృద్ధిగా కలవు. రాళ్లెత్తు కూలికి ఎక్కువ కావలయును. అతని పళ్లెమున తెల్లయన్నమే యెక్కువ. అర్ధకిలో మరబియ్యములో ఉండునది పావు మిల్లీగ్రాము దరిదాపు మాత్రమే. ఆ సీమవారు తరతరములుగా తిన్న జొన్నలలో దీనికి రెండింతలకు పైగా కలదు. రాగులలో ఇంకను హెచ్చు. తెల్లబియ్యము జొన్నరొట్టెను వెనుకకు నెట్టినకొలది ఈ లోటు పెరుగును.

2018 నాటి ఆహారప్రమాణముల నిబంధనలలో బియ్యమున చేర్చి తీరవలసినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 అని మూడు. రైబోఫ్లేవిన్‌ను ఇష్టమున్నచో చేర్చవచ్చునని విడిచిరి. కొనువాడు పేద, ఇచ్చునది సర్కారు అయినచోట ఈ 'ఇష్టము' ఎవరిది? ఇనుమును విధిగా చేర్పించి, దానికి తోడ్పడు పదార్థమును ఐచ్ఛికముగా నుంచుట అర్ధాంగీకారమే యగును. బియ్యమునకు బలము చేర్చు ప్రతి పథకమునను దీనిని అవశ్యములలో చేర్చవలయునని మా అభిప్రాయము.

కృత్రిమముగా చేర్చుటకంటె సహజాహారమే మేలని కొందరందురు. అదియు నిజమే, రెండును పరస్పర విరుద్ధములు కావు. కర్ణాటక ప్రభుత్వము 2013లో 'క్షీరభాగ్య'మను పేర బడిపిల్లలకు పాలిచ్చుట ఆరంభించినది. 2021లో బళ్లారి మొదలగు మండలములలో మధ్యాహ్నభోజనమున గ్రుడ్డును చేర్చినది. 150 మిల్లీలీటర్ల పాలు, ఒక గ్రుడ్డు కలిసి సుమారు అర మిల్లీగ్రాము నిచ్చును. చిన్నపిల్లల దినావసరములో ఇది పావువంతునకు పైమాట. బడిలో బిడ్డకు లభించునది పనిచోట తల్లికేల లభింపరాదు? శ్రామికుల భోజనశాలలలో జొన్నరొట్టె, పెరుగు, ఆకుకూర, గ్రుడ్డు ఉండునట్లు చూచుట యజమానులకు మోయరాని భారము కాదు.

గృహములందును కొంత జాగ్రత్త వలయును. ఈ విటమిను వేడికి చాలవరకు తట్టుకొనును గాని వెలుతురునకు ఓర్వదు; పాలను గాజుసీసాలలో ఎండలో నుంచరాదు. పప్పు త్వరగా ఉడుకుటకై సోడా వేసినచో ఇది నశించును. గంజి వార్చి పారబోసినచో అన్నములోని కొంచెమును నీటిపాలగును.

కొండను త్రవ్వి దేశమునకు ఇనుము నిచ్చువారి యింట నెత్తురు పలుచబడుట మనకు గౌరవము కాదు. మన విద్యాధికులలో వైద్యులు కలరు, ఇంజనీర్లు కలరు, ప్రభుత్వోద్యోగులు కలరు. నిబంధనలోని ఒక్క మాటను మార్పించుటకు వారు పూనుకొందురుగాక!