ఒకే రోడ్డు, రెండు గడియారాలు



2025 ఏప్రిల్ 27, ఆదివారం. ఆ రోజు లండన్ మారథాన్‌లో 56 వేల మందికి పైగా 42.195 కిలోమీటర్లు పూర్తి చేశారు. అందరికన్నా ముందు వచ్చింది కెన్యాకు చెందిన సబాస్టియన్ సావే. ఆయనకు పట్టిన సమయం 2 గంటల 2 నిమిషాల 27 సెకన్లు. మహిళల్లో ఇథియోపియాకు చెందిన టిగిస్ట్ అసెఫా 2 గంటల 15 నిమిషాల 50 సెకన్లలో గెలిచింది. అదే రోజు, అదే రోడ్డు మీద ఆరు గంటలకు పైగా తీసుకున్నవాళ్లు కూడా వేలల్లో ఉన్నారు.

స్కూల్ న్యూస్‌లెటర్‌లో లండన్ పరుగు గురించి ఎందుకు అనుకుంటున్నారా? మన పిల్లల మార్కుల గురించి మనం రోజూ మాట్లాడుకునే పద్ధతిలో ఒక లోపం ఉందని నా అభిప్రాయం. ఆ లోపం మారథాన్ పక్కన పెట్టి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది.

ముందున్నవాళ్ల పరుగు

ముందుగా ఎలైట్ రన్నర్లకు ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. సావే వేగాన్ని లెక్కగడితే ప్రతి 100 మీటర్లకూ సుమారు 17.4 సెకన్లు. మన స్పోర్ట్స్ డే రోజు హైస్కూల్ పిల్లల్లో చాలామంది ఒక్క 100 మీటర్లు ఆ వేగంతో పరుగెత్తి ఆయాసపడతారు. ఆయన అలాంటివి 421 వరసగా, మధ్యలో ఆగకుండా పరుగెత్తారు. ఈ స్థాయి రన్నర్లు శిక్షణలో వారానికి 160 నుంచి 200 కిలోమీటర్లు పరుగెత్తుతారు. తిండి, నిద్ర, కుటుంబానికి దూరంగా క్యాంపుల్లో ఉండటం, అన్నీ ఆ రెండు గంటల కోసమే. దారిలో ప్రతి 5 కిలోమీటర్లకూ వాళ్ల పేరున్న సొంత బాటిల్ టేబుల్ మీద సిద్ధంగా ఉంటుంది. పురుషుల రేసులో చాలా దూరం వరకు వేగం నిలబెట్టడానికి పేస్‌మేకర్లు ముందు పరుగెత్తుతారు. వాళ్లకు ఇది జీవనోపాధి. ప్లేసును బట్టి ప్రైజ్ మనీ.

వాళ్లకు కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండవు. ఎలియుడ్ కిప్చోగే లండన్‌లో నాలుగుసార్లు గెలిచారు. 2020లో అదే లండన్‌లో ఎనిమిదో స్థానంలో వచ్చారు. అంతమాత్రాన ఆయన గొప్పతనం తగ్గిందని ఎవరూ అనలేదు. మన ఇళ్లలో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే బాబు ఒకసారి ఎనిమిదో ర్యాంక్ తెస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు.

వెనకున్నవాళ్ల పరుగు

ఇప్పుడు అమెచ్యూర్ల సంగతి. ఇంగ్లిష్ టీచర్‌ని కదా, ఒక్క మాట చెబుతాను. 'అమెచ్యూర్' అంటే మనం చేతకానివాడు అనే అర్థంలో వాడేస్తాం. ఫ్రెంచ్ నుంచి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం 'ఇష్టపడేవాడు'. ఇష్టంతో చేసేవాడే అమెచ్యూర్.

ఆరు గంటల్లో పూర్తిచేసే వ్యక్తి కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకుంటాడు. అంటే విజేత కన్నా మూడు రెట్ల సమయం కాళ్ల మీదే ఉంటాడు. పొద్దున చలిలో తన వంతు కోసం ఎదురుచూస్తాడు. అందరికీ పెట్టిన నీళ్ల బాటిల్ తీసుకుంటాడు. 30 కిలోమీటర్ల దగ్గర ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అడుగంటి, కాళ్లు సీసపు గుండ్లలా బరువెక్కుతాయి. దీన్నే రన్నర్లు 'వాల్' అంటారు. మొదట్లో జనం కేకలకు ఉత్సాహపడి, తన వేగం మరిచిపోయి పక్కవాడి వేగంతో వెళ్లినవాడికి ఆ గోడ ఇంకా ముందే తగులుతుంది.

లండన్ దారిలో 'ది హైవే' అనే రోడ్డు ఉంది. సగం దూరం వచ్చిన రన్నర్లు ఒక వైపు వెళ్తుంటే, 35 కిలోమీటర్లు దాటినవాళ్లు అదే రోడ్డులో రెండో వైపు తిరిగి వస్తుంటారు. ఇంకా 21 కిలోమీటర్లు మిగిలినవాడికి, దాదాపు ముగించబోతున్నవాడు ఎదురుగా కనిపిస్తాడు. అక్కడ తల పక్కకు తిప్పి తనను తాను పోల్చుకుంటే మిగతా సగం చాలా కష్టమవుతుంది. మన పిల్లలు ఆ రోడ్డు మీదే రోజూ నడుస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ అబ్బాయి, పెద్దమ్మ గారి అమ్మాయి, అమెరికాలో ఉన్న బావ, అందరూ ఎదురుగానే వస్తుంటారు. వాళ్లను చూపించి చూపించి మనమే పిల్లల తల తిప్పుతున్నాం.

గన్ టైమ్, చిప్ టైమ్

నాకు మారథాన్‌లో అన్నిటికన్నా నచ్చిన విషయం దాని గడియారం. నిజానికి అక్కడ రెండు గడియారాలుంటాయి.

మొదటిది గన్ టైమ్. స్టార్ట్ సిగ్నల్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క. గెలుపోటములు దీని మీదే. రెండోది చిప్ టైమ్. ప్రతి రన్నర్ దగ్గరా చిన్న చిప్ ఉంటుంది. అతను స్టార్ట్ లైన్ దాటినప్పుడు మొదలై, ఫినిష్ లైన్ దాటినప్పుడు ఆగుతుంది. ఎందుకంటే ఇన్ని వేల మంది ఒకేసారి బయలుదేరలేరు. గుంపులు గుంపులుగా, 'వేవ్' తర్వాత 'వేవ్' వదులుతారు. విజేత ఫినిష్ లైన్ దగ్గరకు వచ్చే వేళకు ఆఖరి వేవ్‌ల వాళ్లు ఇంకా తొలి కిలోమీటర్లలోనే ఉంటారు. వాళ్లను గన్ టైమ్‌తో కొలిస్తే అది అన్యాయమని నిర్వాహకులకు తెలుసు. అందుకే ఎవరి స్టార్ట్ లైన్ నుంచి వాళ్ల లెక్క.

మన ఇళ్లలో ఒకే గడియారం ఉంది. వీకెండ్ టెస్ట్ అయ్యాక ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మార్కులు, సెక్షన్ ర్యాంక్, బ్రాంచ్ ర్యాంక్. అది గన్ టైమ్. చిప్ టైమ్ చెప్పే మెసేజ్ రాదు.

ఒక ఉదాహరణ. మా ఎనిమిదో తరగతిలో ఒక పాప నాలుగు నెలల్లో ఇంగ్లిష్ గ్రామర్ టెస్టులో 25కు 11 నుంచి 17కు వచ్చింది. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పాప. ఆమె స్టార్ట్ లైన్ ఎక్కడుందో ఆలోచించండి. కానీ ఆ నాలుగు నెలల్లో క్లాసంతా కొంత మెరుగుపడింది కాబట్టి ర్యాంక్ 31 నుంచి 29కి మాత్రమే మారింది. మెసేజ్‌లో ఇంటికి వెళ్లింది ఆ 29 ఒక్కటే. మర్నాడు క్లాసులో డౌట్ అడగడానికి ఎత్తబోయిన చెయ్యి మళ్లీ దించేసుకుంది. ఆరు మార్కులు సంపాదించిన పిల్ల తాను ఓడిపోయానని నమ్మింది.

వీకెండ్ టెస్ట్ రేసు కాదు

"టీచర్ గారూ, ఇవన్నీ వినడానికి బాగుంటాయి. రేపు ఈఏపీసెట్‌లో, జేఈఈలో చిప్ టైమ్ చూస్తారా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. చూడరు. అక్కడ గన్ టైమే. దాన్ని దాచి పిల్లలకు తీపి మాటలు చెప్పమని నేను అనడం లేదు. ర్యాంకర్ల కష్టానికి చప్పట్లు కొట్టాల్సిందే. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద వాళ్ల ఫొటోలు ఉండాల్సిందే.

అయితే ఎలైట్ రన్నర్ల నుంచే ఇంకో విషయం నేర్చుకోవాలి. వాళ్లు సాధారణంగా ఏడాదికి పరుగెత్తేది రెండు మారథాన్లు. మిగతా రోజులన్నీ శిక్షణ. ఆ శిక్షణలో కూడా ఎక్కువ కిలోమీటర్లు రేసు వేగంతో కాదు, తేలికగా, నెమ్మదిగా పరుగెత్తుతారు. ప్రతి ఆదివారం రేసు పెడితే ప్రపంచ విజేత శరీరం కూడా తట్టుకోదు. మరి పదమూడేళ్ల పిల్లకు మనం వారం వారం రేసు పెడుతున్నాం.

వీకెండ్ టెస్ట్ అనేది ట్రైనింగ్ రన్. ఏ చాప్టర్ రాలేదో, ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడానికి పెట్టింది. తప్పులు బయటపడటమే దాని ప్రయోజనం. దానికి ర్యాంక్ అడిగితే పిల్లలు తప్పులు దాచడం నేర్చుకుంటారు. తప్పులు దాచినవాడికి అసలు రేసు రోజున 30వ కిలోమీటరు దగ్గర గోడ ఖాయం.

ఆఖరివాళ్లను చూసుకోవడం

మారథాన్ నిర్వాహకులు మొదటి నుంచీ అన్నీ సరిగ్గానే చేశారని కాదు. 2019లో లండన్‌లో ఏడున్నర గంటల వేగంతో వస్తున్నవాళ్లను కాంట్రాక్ట్ సిబ్బందిలో కొందరు లావు గురించి, నెమ్మది గురించి ఎగతాళి చేశారని, వాళ్లు వచ్చేసరికే నీళ్ల టేబుళ్లు ఎత్తేశారని ఫిర్యాదులు వచ్చాయి. నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. తర్వాతి ఏళ్లలో 'టెయిల్ వాకర్స్' అనే బృందాన్ని పెట్టారు. ఎనిమిది గంటల వేగంతో వెనక నడుస్తూ, ఆఖరివాళ్లకు తోడుండటమే వాళ్ల పని. దానివల్ల ముందు పరుగెత్తేవాళ్ల వేగం ఒక్క సెకను కూడా తగ్గలేదు.

ఆ వెనక వరసల్లో ఎవరుంటారో ముందే చెప్పలేం. జలంధర్ జిల్లాలో పుట్టిన ఫౌజా సింగ్ 2000లో 89 ఏళ్ల వయసులో లండన్‌లో తన మొదటి మారథాన్ పూర్తి చేశారు. పట్టింది 6 గంటల 54 నిమిషాలు. ర్యాంక్ మాత్రమే చూసేవాళ్లకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు. 2025లో ఆయన చనిపోయినప్పుడు దేశమంతా తలుచుకుంది.

మా స్కూల్ యాజమాన్యానికి నా విన్నపం ఒకటే. వీకెండ్ టెస్ట్ మెసేజ్‌లో ర్యాంక్ పక్కన ఇంకో అంకె చేర్చండి: అదే సబ్జెక్టులో గత మూడు టెస్టుల మార్కులు. ఆ వివరాలు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఫ్లెక్సీలో టాపర్ల ఫొటోల కింద, ఆ టర్మ్‌లో తమ మార్కులను తామే ఎక్కువగా దాటినవాళ్లకూ ఒక వరస ఇవ్వండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. వచ్చే పీటీఎంకు వచ్చేటప్పుడు గత మూడు ప్రోగ్రెస్ రిపోర్టులు కూడా తెచ్చుకోండి. మాతో కూర్చుని వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ అంకెలు కిందికి దిగుతుంటే నిలదీసి అడగండి, అది మీ హక్కు, మా బాధ్యత. పైకి వెళ్తుంటే ఆ మాట మా ముందే, పిల్లలు వినేటట్టు చెప్పండి.

ఇంట్లో మాత్రం టెస్ట్ అయిన రోజు "ఎంత ర్యాంక్?" కన్నా ముందు "ఈసారి ఏది వచ్చింది, ఏది రాలేదు?" అని అడగండి. మనలో కొందరు తల్లిదండ్రులు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కో, ఊళ్లో జరిగే ఏదో ఒక 5కే, 10కే రన్‌కో వెళ్తారని నాకు తెలుసు. అక్కడ మీరెవరూ "ఎన్నో స్థానం?" అని ఒకరినొకరు అడగరు. "పోయినసారి కన్నా ఎన్ని నిమిషాలు తగ్గింది?" అనే అడుగుతారు. ఆ మర్యాద మీ పిల్లలకూ దక్కాలి.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం