నీడకు వైద్యమా?

జ్ఞానదంతం పీకించుకుందామని వెళ్లిన మనిషికి దవడ కీలు జబ్బు అంటగట్టి పంపడం వైద్యమా, వ్యాపారమా? తెర మీద ఓపీజీ, అంటే పళ్లూ దవడలూ ఒకే బొమ్మలో కనిపించే ఎక్స్‌రే పెడతారు. బాణం గుర్తును చెవి దగ్గరికి జరిపి, "చూశారా, ఈ వైపు ఎముక అరిగిపోయింది" అంటారు. నొప్పి ఉందా అని అడగరు. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలవరు. కీలు మీద వేలు పెట్టి కూడా చూడరు. బిల్లు మాత్రం సిద్ధం!

అరిగిందని తేల్చిందెవరు? కింది దవడ పైకొసను కాండైల్ అంటారు. అది ఒకరికి గుండ్రంగా, ఇంకొకరికి చదునుగా, మరొకరికి కోణం తేలి ఉంటుంది. ఒకే మనిషిలో కుడీ ఎడమా సరిగ్గా ఒకేలా ఉండవు. కొందరికి రెండుగా చీలినట్టున్నా జీవితమంతా హాయిగా నములుతారు. 1960లలోనే పరిశోధకులు ఈ ఆకారాలను వర్గీకరించారు. మన క్లినిక్కులకు ఆ కబురు ఇంకా చేరలేదా?

పైగా ఆ బొమ్మ ఎలా పడుతుందో చూడండి. ముందరి పళ్లతో చిన్న పుల్ల కొరికించి, యంత్రాన్ని తల చుట్టూ తిప్పుతారు. తల రవ్వంత పక్కకు తిరిగినా ఒక కాండైల్ పెద్దదిగా, రెండోది చిన్నదిగా కనిపిస్తుంది. కీలులోని మెత్తని డిస్కయితే అందులో కనిపించనే కనిపించదు. అది కనిపించే ఎమ్మారైలోనూ, ఏ బాధా లేనివాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిస్కు పక్కకు జరిగి ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది.

నిజంగా అరిగే జబ్బు లేదనడం లేదు. నొప్పి, వాపు, తిమ్మిరి, నోరు తెరవలేకపోవడం, ఉన్నట్టుండి పళ్ల కలయిక మారడం ఉంటే పరీక్ష చేయాల్సిందే. గుట్కా నమిలేవాళ్లకు నోరు బిగుసుకుంటే అసలు ఆలస్యం చేయకూడదు. కానీ కీలు సరిచేస్తామంటూ ఏ బాధా లేనివాడి పళ్లు అరగదీసి క్యాపులు తొడగడం ఏ చికిత్స? పోయిన ఎనామెల్ మళ్లీ మొలవదు.

కాబట్టి అడగండి: "ఈ ఆకారం వల్ల నాకొచ్చిన ఇబ్బంది ఏమిటి డాక్టరుగారూ?" జవాబుగా మళ్లీ ఆ ఎక్స్‌రేనే చూపిస్తే, కుర్చీ దిగి వచ్చేయండి.