కాక్లియర్ ఇంప్లాంట్: చెవి కొలతకు తగిన పరికరమే చిన్నారికి మేలు
(ప్రత్యేక వ్యాసం)

పుట్టుకతో వినికిడి లేని చిన్నారులకు ప్రభుత్వ వ్యయంతో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం తెలుగు నేలకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం కింద శస్త్రచికిత్సకు, తదనంతర శ్రవణ, వాక్ శిక్షణకు కలిపి ఒక్కొక్క చిన్నారికి గరిష్ఠంగా రూ. 6.50 లక్షల వరకు ట్రస్టు భరించిన విషయం విదితమే. కేంద్ర ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి అమలుపరచిన సవరించిన ఏడిప్ పథకంలో యూనిట్ ఒక్కింటికి రూ. 6 లక్షల పరిమితి నిర్ణయించింది. ఈ లెక్కలన్నీ ఇన్ని యూనిట్లు, ఇంత ధర అన్న పద్ధతిలో సాగేవే. పరికరం చేరవలసిన చోటు మాత్రం ఏ ఇద్దరిలోనూ ఒకే కొలతలో ఉండదు.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో సుమారు రెండున్నర చుట్లు తిరిగిన భాగమే కాక్లియా. దానిలోని నాళాన్ని చుట్లు విప్పి కొలిచినట్లయితే కొందరిలో 25 మిల్లీమీటర్లు, మరికొందరిలో 35 మిల్లీమీటర్లకు పైగా ఉంటుందని 1938 నాటికే నమోదయింది. తరువాతి స్కానింగ్ అధ్యయనాలలో ఇంతకంటె పొడవైనవీ కనిపించాయి. పసివాని చెవి చిన్నదనీ, పెద్దవానిది పెద్దదనీ భావించడం ఇక్కడ పొరపాటు. కాక్లియా పుట్టుక నాటికే పూర్తి పరిమాణానికి చేరుకుంటుంది. కనుక ఈ వ్యత్యాసం వయసును బట్టి కాక మనిషిని బట్టి ఏర్పడినది.

కాక్లియా మొదటి చుట్టులో హెచ్చు స్థాయి ధ్వనులు, శిఖరం వద్ద మంద్ర ధ్వనులు గ్రహింపబడతాయి. శస్త్రవైద్యుడు లోనికి పంపే ఎలక్ట్రోడ్ తీగ శ్రవణనాడి తంతువులను ఈ క్రమంలోనే ప్రేరేపించాలి. 24 మిల్లీమీటర్ల తీగ 36 మిల్లీమీటర్ల నాళంలో స్థూలంగా మూడింట రెండు వంతుల మేర చేరుతుంది. అదే తీగ 28 మిల్లీమీటర్ల నాళంలో 85 శాతానికి పైగా ఆక్రమిస్తుంది. పొట్టి తీగ పొడవైన నాళంలో పడితే మంద్ర ధ్వనుల తావు అందక మాట కీచుగా వినిపించవచ్చు. పొడవైన తీగను చిన్న నాళంలోనికి నెట్టితే మధ్యలో మడత పడవచ్చు, సున్నితమైన పొరను చీల్చి పక్క గదిలోనికి పోవచ్చు. లేదా కొన్ని ఎలక్ట్రోడ్లు వెలుపలనే మిగిలిపోవచ్చు.

అంతమాత్రాన పొడవైన తీగే మంచిదని తేల్చివేయరాదు. శ్రవణనాడి కణాలు శిఖరం వరకు వ్యాపించి ఉండవు; దాదాపు ఒకటిముప్పావు చుట్టుతోనే ముగుస్తాయి. అందువల్ల తీగ లోపలి గోడను హత్తుకొని ఉండాలా, వెలుపలి గోడ వెంట పొడవుగా సాగాలా అన్నదానిపై తయారీదారుల మధ్య, వైద్యుల మధ్య ఏకాభిప్రాయం లేదు. తయారీ సంస్థల ఎలక్ట్రోడ్ల సంఖ్య సైతం 12, 16, 22 అని భిన్నంగా ఉంది. సంఖ్య ఎక్కువగా ఉన్నదే మేలైనదని టెండరు పరిశీలకులు భావించడానికి శాస్త్రీయ ఆధారం చాలదు.

కొలతలో తేడాకంటె నిర్మాణంలోనే లోపమున్న చెవుల విషయం మరింత జటిలం. ఇటలీకి చెందిన కార్లో మొండీని 1791లో ఒక బధిర బాలుని చెవిని పరిశీలించి, కాక్లియా ఒకటిన్నర చుట్టు మాత్రమే ఉన్నట్లు వర్ణించాడు. ఆ లోపం నేటికీ అతని పేరుతోనే వ్యవహారంలో ఉన్నది. పుట్టు చెవుడు గల పిల్లలలో సుమారు ఐదింట ఒక వంతు మందికి స్కానింగులో లోపలి చెవి ఎముక నిర్మాణ లోపం కనిపిస్తుందని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఇటువంటి చెవులలో ముఖనాడి దారి తప్పి ఉండవచ్చు. కాక్లియా తెరవగానే మెదడు చుట్టూ ఉండే ద్రవం ఉబికి రావచ్చు. కాక్లియా అసలే ఏర్పడని చిన్నారికి ఈ పరికరం పనికిరాదు. మెదడువాపు పొరల జ్వరం తరువాత కాక్లియాలో ఎముక పెరిగితే తీగ దూరే దారే మూసుకుపోతుంది. అక్కడ పరిపాలనా జాప్యాన్ని నెలల్లో కాక వారాల్లో లెక్కించాలి.

రూపకల్పన చెవి నిర్మాణంతో ఎంత జాగ్రత్తగా మెలగాలో 2002 నాటి అనుభవం చెబుతున్నది. తీగను లోపలి గోడకు ఒత్తిపట్టడానికి దాని వెనుక అదనపు చీలను అమర్చిన నమూనాను ఆ ఏడాది జూలైలో మార్కెట్ నుంచి ఉపసంహరించారు. అది అమర్చిన చిన్నారులలో మెదడు పొరల వాపు ముప్పు ఎక్కువగా ఉన్నట్లు 2003లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం నిర్ధారించింది.

శస్త్రచికిత్సకు ముందు తీసే సీటీ చిత్రంలో కాక్లియా మొదటి చుట్టు వ్యాసాన్ని కొలిస్తే నాళం పొడవును అంచనా వేయవచ్చు. ఈ పద్ధతి 2006 నుంచి వాడుకలో ఉన్నది. అదనపు వ్యయం దాదాపు లేదు. అనుమతి కోరే ఫైలులో ఈ కొలతను, ఎంచుకున్న తీగ పొడవును ఒక్క పంక్తిలో నమోదు చేయించడం, సరఫరా ఒప్పందంలో ఒకే ధరకు రెండు మూడు పొడవుల తీగలు అందుబాటులో ఉంచే షరతు చేర్చడం అధికారులకు అసాధ్యం కాదు. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల చేపట్టిన స్వదేశీ పరికర రూపకల్పన విషయంలోనూ ధరతో పాటు ఈ ప్రశ్న వేయవలసి ఉంటుంది.

పాత్రికేయ మిత్రులు గమనించదగిన మరొక అంశం ఉన్నది. శస్త్రచికిత్స జరిగిన రోజునే అది విజయవంతమైనదని వార్త వెలువడటం పరిపాటి. పరికరాన్ని ఆన్ చేసేది సాధారణంగా మూడు, నాలుగు వారాల తరువాత. తీగ సరైన చోట కుదిరినదీ లేనిదీ ఎక్స్‌రేలోనూ, అటు తరువాత నెలల తరబడి సాగే శిక్షణలోనూ తెలుస్తుంది.