లెక్కల సూత్రాలకు బట్టీ ఎందుకు?

ఇల్లు కట్టే మేస్త్రీ పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగా వచ్చిందో లేదో ఎలా చూస్తాడు? ఒక వైపు 3 అడుగులు, రెండవ వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య తాడు పట్టి కొలుస్తాడు. సరిగ్గా 5 అడుగులుంటే మూల కుదిరినట్టే. పదో తరగతి పిల్లలను హడలగొడుతున్న త్రికోణమితి సర్వసమీకరణాలకు మూలం ఈ తాడులోనే ఉన్నది.

ఆ 5 అడుగుల వైపే కర్ణం. దానితో 3ను, 4ను భాగిస్తే వచ్చేవే సైన్, కాస్ విలువలు. వాటి వర్గాలు 25లో 9 వంతులు, 25లో 16 వంతులు. కలిపితే 1. త్రిభుజం కొలతలు మారినా ఈ మొత్తం మారదు. లంబకోణం ఉన్నచోట రెండు భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానం కావడమే కారణం.

ఇది తెలిసినవాడికి మిగతావి బట్టీ పట్టనక్కరలేదు. ఉదాహరణకు టాన్, కాట్‌ల మొత్తం సెక్, కొసెక్‌ల లబ్ధానికి సమానమని నిరూపించమంటారు. మొదటి అంచెలో టాన్‌ను సైన్ బై కాస్‌గా, కాట్‌ను కాస్ బై సైన్‌గా రాయాలి. రెండవ అంచెలో హారాలు ఒకటి చేస్తే, లవంలో సైన్ వర్గం, కాస్ వర్గం కలిసి వస్తాయి. అది 1 అని తాడు ముందే చెప్పింది. ఇక మిగిలేది 1 బై సైన్ కాస్. అదే సెక్, కొసెక్‌ల లబ్ధం. ఎడమ వైపు బయలుదేరి కుడి వైపు చేరడమే నిరూపణ. నిరూపించవలసినదాన్నే ముందుగా ఒప్పుకొని లెక్క నడిపితే అది నిరూపణ కాదు.

అయితే చాలాచోట్ల జరుగుతున్నదేమిటి? సూత్రాల పట్టిక రాయించి అప్పజెప్పమంటున్నారు. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది వలస కుటుంబాల పిల్లలు. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్ళే తల్లిదండ్రుల వెంట వెళ్ళి, నెలల తరువాత తిరిగి వచ్చిన పిల్లవాడు తప్పిపోయిన పాఠాలన్నీ బట్టీ పట్టలేడు. ఒక్క మూలం అర్థమైతే మిగతావి తనే రాబట్టుకోగలడు. లేకుంటే లెక్కల్లో తప్పి, మళ్ళీ ఆ కూలీల లారీయే ఎక్కుతాడు.

కనుక కర్నూలు, కడప ప్రాంతాల ఉపాధ్యాయులు ఈ పాఠం మొదలుపెట్టే రోజు పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్ళి, తాడుతో మూల కొలిపించాలి. నోటుబుక్కులో ప్రతి అంచె పక్కన అది ఎందుకు వచ్చిందో రాయించాలి. విద్యాశాఖాధికారులు కూడా తనిఖీకి వచ్చినప్పుడు సూత్రం అప్పజెప్పమనడం మాని, అది ఎలా వచ్చిందని అడగవలసి ఉంది. దీనికి కావలసింది నిధులు కాదు, ఒక తాడు, కొంచెం ఓపిక.