జాడపట్టు జాగిలముల పందెములు

పందెమనగానే మనకు కోడిపందెములో, సంక్రాంతినాటి బండలాగుడు పందెములో స్ఫురించును. వానిలో గెలుపొకనిది, ఓటమి యింకొకనిది. ఆట ముగిసిన పిమ్మట లోకమునకు మిగులునది మిక్కిలి స్వల్పము. కాని ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో బహుకాలమునుండి జరుగుచున్న మరియొక పందెము గలదు. అది కుక్కల పందెమే యైనను పరుగుపందెము గాదు. మనుష్యుడు నడచిన జాడను వాసనచేత పట్టి, అతడున్న చోటు చేరు పందెము. తప్పిపోయిన బాలుని, మతి తప్పి యిల్లు విడిచిన వృద్ధుని, అడవిలో దారి తెలియని బాటసారిని వెదకుట కుక్కకు నేర్పి, ఆ నేర్పు నిజమైనదో కాదో నలుగురి యెదుట తేల్చుటయే దీని యుద్దేశము. ఇట్టి ప్రాణరక్షణ కార్యమును పందెముగా చేయుట తగునా యని కొందరు శంకింతురు. తగునని మా యభిప్రాయము. అయితే ఎట్టి పందెము తగునో, అందు నిజముగా పరీక్షింపబడు వారెవరో విచారింపవలసి యున్నది.

మొదట కుక్క చేయు పని యేమో తెలియవలెను. మన శరీరమునుండి చర్మపు పొలుసులు కంటికి కానరానంత సూక్ష్మముగా ఎల్లవేళల రాలుచుండును. చెమటయు, వానిమీద బ్రదుకు సూక్ష్మజీవులును కలిసి ఒక్కొక్కనికి ఒక్కొక్క విధమైన వాసనను కలిగించును. ఇదిగాక, కాలిక్రింద నలిగిన గడ్డియు, కదలిన మన్నును తమ వాసనను విడుచును. తేమనేలమీద ఈ వాసన చాలసేపు నిలుచును. ఎండకును గాలికిని త్వరగా చెదరిపోవును. కుక్క ముక్కు ఈ రెంటిని గ్రహించి, యే దిక్కున వాసన క్రొత్తదో, యే దిక్కున ప్రాతదో గుర్తించును. 2005వ సంవత్సరమున బెల్‌ఫాస్టు విశ్వవిద్యాలయ పండితులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, నడచినవాడు ఏ వైపునకు పోయెనో తెలిసికొనుటకు శిక్షణ గల కుక్కకు వరుసగా ఐదు అడుగుజాడలు చాలును.

ఒక మనిషి వాసనకును మరియొకని వాసనకును గల భేదమును కుక్క యెంత నిశితముగా ఎరుగునో, 1887లో జార్జి జాన్ రోమేన్సు అను ఆంగ్లేయ ప్రకృతిశాస్త్రజ్ఞుడు పరీక్షించి చూపెను. ఆయన పండ్రెండుగురిని ఒకరి వెనుక నొకరుగా, ముందువాని యడుగులోనే వెనుకవాడు అడుగు పెట్టునట్లు నడపెను. తాను అందరికంటె ముందు నడచెను. ఇన్నూరు గజములు పోయినమీదట ఆయన కొందరితో కుడివైపునకు తిరుగగా, తక్కినవారు ఎడమవైపునకు పోయిరి. రెండు గుంపులును దాగినవి. పిమ్మట ఆయన పెంపుడు కుక్కను విడువగా, అది దారులు చీలినచోట కొంచెము ముందునకు దాటిపోయి, వెంటనే తప్పు తెలిసికొని, తన యజమానుడు పోయిన దారినే పట్టెను. ఆయన యడుగులపైన ఇందరు త్రొక్కినను, ఆయన వాసన దానికి మరుగుపడలేదు.

ఇంత శక్తి గల జంతువును నమ్మి పనిలో పెట్టుటకు ఇబ్బంది యేమని అడుగవచ్చును. దీనికి లండను నగర చరిత్రమే సమాధానము చెప్పును. 1888లో ఆ నగరపు తూర్పుభాగమున ఘోరమైన హత్యలు వరుసగా జరుగుచుండెను. ప్రజల యలజడికి తట్టుకొనలేక పోలీసు కమిషనరు సర్ చార్లెసు వారెన్, స్కార్‌బరో దగ్గర నివసించు ఎడ్విన్ బ్రో అను పెంపకదారునిచేత బార్నబీ, బర్ఘో అను రెండు బ్లడ్‌హౌండు జాతి కుక్కలను తెప్పించెను. అక్టోబరు మాసమున రీజెంట్సు పార్కులోను, హైడు పార్కులోను వానికి పరీక్షలు పెట్టిరి. నేలయంతయు మంచు పరచుకొని యున్న తెల్లవారు వేళ, పావుగంట ముందుగా పోయిన మనిషిని అవి ఇంచుమించు ఒక మైలు దూరము వెంబడించినవి. కమిషనరు తానే రెండు పర్యాయములు పరుగెత్తు మనిషిగా నటించి వాని శక్తిని చూచెను.

అయినను ఫలమేమి? కుక్కలను నగరమున నిలుపుటకు తగిన యేర్పాటు జరుగలేదు. అవి తిరిగి వెళ్లిపోయినవి. ఆ సంగతి అందరు పోలీసులకును తెలియదు. నవంబరు 9వ తేదీని మరియొక హత్య బయటపడినప్పుడు, కుక్కలు వచ్చుచున్నవను నమ్మకముతో ఉద్యోగులు ఆ గది తలుపు తెరువక, మధ్యాహ్నము ఒంటిగంటన్నర వరకు వీధిలో కాచుకొని యుండిరి. ఉద్యానవనమున నెగ్గిన కుక్కలు అవసరపు వేళకు ఊరిలోనే లేవు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలందురు. ఇచ్చట రచ్చకెక్కినది గెలుపు. ఇంటిలో లేనిది సిద్ధపాటు. పరీక్ష యొక ముచ్చటగా ముగిసి, దాని వెనుక నిత్యసాధనయు, ఏర్పాటును లేకపోయినచో ఇట్లే జరుగును.

ఈ కొరతను తీర్చుటకు క్రమమైన పందెములు అవసరమైనవి. 1897లో ఇంగ్లండున బ్లడ్‌హౌండు పెంపకదారులు ఒక సంఘముగా ఏర్పడి, మరుసటి యేట తమ మొదటి పరీక్షలు జరిపిరి. అవి తరగతులుగా విభజింపబడినవి. మొదటి తరగతి కుక్క, అరగంట క్రిందట నడచిన మనిషి జాడను ఒక మైలు దూరము పట్టవలెను. తరువాతి తరగతులలో దూరమును, కాలమును క్రమముగా పెరుగును. కడపటి తరగతిలో జాడ మూడు మైళ్లు; నడచి రెండు గంటలైన జాడ. ఇట్లు కాలము గడచుటను వారు వాసన చల్లారుట యందురు. నడచువాడు కుక్కకు క్రొత్తవాడై యుండవలెను. అతని బట్టముక్క నొకదానిని వాసన చూపి కుక్కను విడుతురు. పొలములు, కంచెలు, పశువుల మందలు దాటి, చివర నిలిచియున్న వారిలో ఆ మనిషిని ఇతడేయని చూపిన కుక్కకు మెప్పు గలదు.

అమెరికాలోని పరీక్షల పద్ధతి మరియొక విధముగా నున్నది. అమెరికన్ కెనెల్ క్లబ్బువారి మొదటి పరీక్షలో 440 మొదలు 500 గజముల దారియు, అందు మూడు మొదలు ఐదు వరకు మలుపులును ఉండును. దారి చివర నడచినవాడు విడిచిన చేతితొడుగు వంటి వస్తువును కుక్క కనుగొనవలెను. 1980లో చేర్చిన పై పరీక్షలో దారి 800 మొదలు 1000 గజములు; నడచి మూడు మొదలు ఐదు గంటలు గడవవలెను; నడుమ ఇతరులు ఆ దారికి అడ్డముగా నడచి కుక్కకు భ్రాంతి కలిగింతురు. 1995లో చేర్చిన మరియొక పరీక్షలో గడ్డినేలయే కాక, సిమెంటు, తారు పరచిన నేలలుగూడ నుండును. ఇందు మేము మెచ్చుకొను విశేషమేమనగా, ఇచ్చట మొదటివాడు, రెండవవాడు అను వరుస లేదు. తప్పుదారి పట్టినచో తీర్పరి యీల వేయును, పరీక్ష ముగియును. సరిగా పోయినచో నెగ్గినట్లే. పదిమంది నెగ్గిన పదిమందికిని ఒకటే గౌరవము.

ఇక ఈ పందెములను ఆక్షేపించువారి మాట వినవలెను. వారు చెప్పునది త్రోసివేయదగినది గాదు. తప్పిపోయిన బిడ్డ గజములు కొలిచి నడువడు. మలుపులు లెక్కించి తిరుగడు. దారి చివర చేతితొడుగు విడువడు. వాని జాడను వెదకవచ్చిన బంధువులే త్రొక్కి చెరిపివేయుదురు. అట్టిచోట కుక్క ముక్కు నేలకు ఆనించునా, గాలికి ఎత్తునా యను విచారము పనికిరాదు. బిడ్డ దొరుకుటయే కావలెను. పందెపు మెరుగులకే మరగిన కుక్క అడవిలో తడబడవచ్చును. ఇదంతయు నిజమే. కాని దీనినిబట్టి పరీక్షలే వలదనుట, బడిలోని లెక్కలు అంగడిలోని లెక్కల వంటివి కావు గనుక లెక్కలే నేర్పవలదనుటవంటిది. అంగడికి పోకముందు బడియుండవలెను, బడితోనే చాలించుకొనరాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. పరీక్షలో నిలువబడునది కుక్క మాత్రమే గాదు. త్రాటి యీవలి కొనను పట్టుకొనిన మనిషియు పరీక్షింపబడును. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిసు శాఖవారు, మాదకద్రవ్యములను, ప్రేలుడు పదార్థములను వెదకు 18 కుక్కలను, వానిని నడపువారిని ఒక క్రైస్తవ దేవాలయపు గదులలో పరీక్షించిరి. కొన్నిచోట్ల ఎఱ్ఱ కాగితపు గురుతులు అంటించి, అచ్చట వాసన యున్నదని నడపువారికి చెప్పిరి. నిజమునకు ఏ గదిలోను మాదకద్రవ్యము గాని, ప్రేలుడు పదార్థము గాని పెట్టలేదు. అయినను అనేక పర్యాయములు కుక్క వాసన పట్టినదని వారు చెప్పిరి. కాగితమున్నచోట మరింత యెక్కువగా చెప్పిరి. కుక్క అబద్ధమాడినదని దీని యర్థము కాదు. తాను నమ్మినదానిని మనిషి కుక్కలో చూచుకొనెను, లేక ఎరుగకయే దానికి సైగ చేసెను. పాపము, యజమానుని సంతోషపెట్టుటకంటె కుక్కకు వేరు కోరిక లేదు.

ఇచ్చటనే మంచి పందెముయొక్క విలువ తెలియుచున్నది. దారి యెటు పోయెనో నడపువానికి తెలియరాదు. తెలిసిన తీర్పరి దూరముగా నుండవలెను. అప్పుడు మనిషి ఊహలు ఎందుకును కొఱగావు. కుక్క ఎడమకు లాగి, తన బుద్ధి కుడికని చెప్పినను, త్రాడు వదలి దాని వెంట పోవుట అతడు నేర్చుకొనవలెను. తనకు తెలియనిది వేరొక ప్రాణికి తెలియునని ఒప్పుకొనుట మనుష్యునకు ఎంత కష్టమో ఉపాధ్యాయులెల్లరు ఎరుగుదురు. ఈ యణకువ పుస్తకములవలన రాదు. ఈల వినబడి, ఎగతాళి గాని ప్రాణనష్టము గాని లేక, మరల ప్రయత్నించుట కవకాశమున్నచోటనే వచ్చును.

ఈ విషయము మనకు దూరదేశపు వినోదము మాత్రమే గాదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీని నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిరి. వారిని వెదకుటకు కేరళ పోలీసుల కుక్కలు వచ్చెను. ఇది అడుగుజాడ పట్టు పని గాదు. బురద క్రింద, రాతి క్రింద నున్న దేహముయొక్క వాసనను పైనుండి గుర్తించు పని. కాని రెంటికిని మూలమొక్కటే. కుక్క ఇచ్చటనని గురుతు చూపినచో, నీరును మట్టియు కూలుచున్న చోట పనివారు తమ ప్రాణములకు తెగించి త్రవ్వవలెను. బయట తల్లులు, భార్యలు ఆ మాటమీద ఆశపెట్టుకొని కూర్చుండవలెను. అట్టి మాట పలుకు కుక్కను, ఆ మాటను మనకు తెలుపు మనిషిని ముందుగా ఎన్నిమారులు పరీక్షించినను ఎక్కువ కాదు. మన దేశమునను అఖిల భారత పోలీసు డ్యూటీ మీట్ అను పోటీలలో జాడపట్టు కుక్కలకు పరీక్షలు జరుగుచుండుట సంతోషింపదగినది.

కావున మా యభిప్రాయమును మూడు మాటలలో చెప్పుచున్నాము. మొదటిది, దారి తెలియనివాడే కుక్కను నడుపవలెను. తెలిసి నడుపు పందెము నాటకము. రెండవది, ఒకరిని మించుటకంటె ఒక కొలతను అందుకొనుటకే బహుమానమీయవలెను. తప్పిపోయిన బిడ్డకు తనను వెదకు కుక్క జిల్లాలో మొదటిదా, పదవదా యను విచారము లేదు. మూడవది, పందెము ముగిసిన మరునాడే కుక్క పనికి సిద్ధముగా నుండవలెను; బిళ్ల గోడకు తగిలించి కుక్కను గొలుసుకు కట్టివేసిన యెడల, లండనులో తలుపు ముందు కాచుకొనిన ఉద్యోగుల గతియే పట్టును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పరీక్ష ముగిసి పిల్లవాడు ఇంటికి రాగానే ఎన్నవవాడవని అడుగుట మన యలవాటు. ఏమి నేర్చితివి, ఎచ్చట తడబడితివి, అది ఎవరికి ఉపయోగపడునని ఒక్కసారి అడిగి చూడుడు. విద్యార్థులారా, మీ ప్రక్కవాని కాగితమును చూచి వ్రాయునపుడు మీరు ఎఱ్ఱ కాగితమును చూచి వాసన యున్నదని చెప్పువారే యగుచున్నారు. ఆనాటికి మార్కులు దొరకును. కాని ఒకనాడు వైద్యుడవో, యంత్రశిల్పివో, ఉపాధ్యాయుడవో అయి నీవు నిలువబడినపుడు, నీ మాటమీద ఒకరి ప్రాణమాధారపడియుండును. అప్పుడు ప్రక్కవాని కాగితముండదు. నేడు బడిలో తప్పిన తప్పునకు ఈల మాత్రమే వినబడును; ఆ యీలను విని సిగ్గుపడక, మరల మొదటి యడుగునుండి జాడ పట్టుడు.